తల్లి మరణించిన రాత్రి రాసిన ఉత్తరంలో సంతోషానికి చోటెలా దొరికింది?

1778 జులై 3న సంగీతకర్త మొజార్ట్ పారిస్ నుంచి తండ్రికి రాసిన ఉత్తరం గురించి మీరు అడిగారు. తల్లి కన్నుమూసి కొన్ని గంటలైనా గడవకముందే, ఆమెకు జబ్బుగా ఉందని మాత్రమే చెప్పి, ఆ వెంటనే తన సింఫనీ (పెద్ద వాద్యబృందం కోసం కట్టిన కృతి) విజయం గురించీ, కచేరీ తర్వాత తిన్న ఐస్‌క్రీం గురించీ రాసిన కొడుకును ఎలా అర్థం చేసుకోవాలన్నది మీ ప్రశ్న. ఆ శతాబ్దపు కుటుంబ లేఖల్లో సంతోషమూ దుఃఖమూ ఒకే కాగితం మీద ఎందుకు కనిపిస్తాయో కూడా చెప్పమన్నారు. ఈ కుటుంబం ఉత్తరాలను ఎన్నో ఏళ్లుగా చదువుతూ, విద్యార్థుల చేత చదివిస్తూ వచ్చినవాడిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆ ఉత్తరంలో కఠినత్వం లేదు. అందులోని దుఃఖం ఎంత నిజమో సంతోషమూ అంతే నిజం. ఆ రెంటినీ ఆ క్రమంలో పేర్చడం వెనుక ఉన్నదంతా తండ్రి మీద ప్రేమే. అయితే ఆ ఒక్క ఉత్తరాన్నే విడదీసి చదివితే ఇది కనిపించదు. దానికి ముందు వచ్చినవాటితోనూ, వెనుక వచ్చిన జవాబులతోనూ కలిపి చదవాలి.

1777 సెప్టెంబరు 23 తెల్లవారుజామున వోల్ఫ్‌గాంగ్ (మొజార్ట్ సొంత పేరు), అతని తల్లి అన్నా మరియా సాల్జ్‌బర్గ్ నుంచి బయలుదేరారు. అతనికి అప్పుడు 21 ఏళ్లు. సాల్జ్‌బర్గ్ అగ్రపీఠాధిపతి (ఆర్చ్‌బిషప్) కొలరేడో సెలవు ఇవ్వకపోవడంతో, ఆయన కొలువులో సంగీతజ్ఞుడైన తండ్రి లియోపోల్డ్ వెళ్లలేకపోయాడు. కొడుకును ఒంటరిగా పంపడానికి మనసొప్పక భార్యను తోడు పంపాడు. కూతురు నానెర్ల్‌తో తాను ఇంట్లో ఉండిపోయాడు. రెండు రోజుల తర్వాత అతను రాసిన ఉత్తరాన్ని చదివితే ఈ కుటుంబం ఎలా రాసుకునేదో తెలిసిపోతుంది. బండి కదిలాక మేడ మెట్లెక్కి కుర్చీలో కూలబడ్డాడట. తన బాధ బయటపడితే వీడ్కోలు మరింత కష్టమవుతుందని బలవంతాన ఆపుకొని, ఆ హడావుడిలో కొడుకును ఆశీర్వదించడమే మరిచిపోయాడట. గుర్తొచ్చి కిటికీ దగ్గరికి పరుగెత్తి వెనుక నుంచి దీవించాడట గాని, బండి కోట ద్వారం దాటడం అతని కంట పడలేదు. నానెర్ల్ ఏడ్చి ఏడ్చి, తలనొప్పితో వాంతి చేసుకొని, తలకు గుడ్డ చుట్టుకొని, కిటికీ తలుపులు మూయించి పడుకుంది. ఇంటి కుక్క కూడా ఆమె పక్కనే పడుకుంది. ఇంత బాధలోనూ, ఆ కుక్క తనను షికారుకు తీసుకెళ్లమని ఎలా సైగ చేసిందో, సాయంత్రం తండ్రీకూతుళ్లు పేకాటతో పొద్దు ఎలా పుచ్చారో లియోపోల్డ్ ముచ్చటగా రాస్తాడు. ఇంట్లో జరిగినదంతా దూరాన ఉన్నవారి కళ్లముందు పెట్టాలి, వారు నవ్వవలసిన చోట నవ్వాలి, ఏడవవలసిన చోట ఏడవాలి: ఈ పద్ధతిని కొడుకు నేర్చుకున్నది ఆ తండ్రి దగ్గరే.

మ్యూనిక్, ఆగ్స్‌బర్గ్, మాన్‌హైమ్ తిరిగి తల్లీకొడుకులు 1778 మార్చి 23న పారిస్ చేరారు. తొలి బస గురించి తల్లి ఏప్రిల్‌లో రాసింది: గది ఇరుకైన పెరటి వైపు ఉంది, పగలంతా సూర్యుడు కనిపించడు, బయట వాన పడుతోందో ఎండ కాస్తోందో కూడా తెలియదు, ఆ గుడ్డి వెలుతురులో కష్టపడి కాస్త అల్లిక మాత్రం చేసుకోగలుగుతున్నాను, ఖైదులో ఉన్నట్టు రోజంతా ఒంటరిగా కూర్చుంటున్నాను. భాష రాని ఊళ్లో 57 ఏళ్ల స్త్రీ పడిన ఒంటరితనం అది. తర్వాత మంచి బస దొరికింది, ఆమె మాటల్లోనూ కొంత తెరిపి వచ్చింది. ఆమె చివరి ఉత్తరం జూన్ 12 నాటిది. రెండు రోజుల క్రితం ఒక మిత్రుడి ఇంట భోజనం చేసి, లక్సెంబర్గ్ తోటలో తిరిగి, అక్కడి భవనంలోని చిత్రాలు చూసి ఇల్లు చేరేసరికి విపరీతంగా అలసిపోయానని అందులో ఉంది. నిన్న రక్తం తీశారు కాబట్టి ఇవాళ ఎక్కువ రాయలేనని కూడా ఉంది. రక్తం తీయించుకోవడం అప్పట్లో మామూలు వైద్యమే గనుక ఆ మాట సాల్జ్‌బర్గ్‌లో ఎవరినీ కలవరపెట్టి ఉండదు. ఆ ఉత్తరం ఈ రోజు చదివే మనకు మాత్రం, ఆ తోటలో తిరిగిన ఆనందమూ ఆ అలసటా రెండూ వేరే బరువుతో వినిపిస్తాయి.

అదే జూన్ 12న వోల్ఫ్‌గాంగ్ కూడా తండ్రికి రాశాడు. కొత్త సింఫనీ పూర్తయిందనీ, దివ్యసత్ప్రసాద మహోత్సవం (కార్పస్ క్రిస్టీ అనే క్యాథలిక్ పండుగ) నాడు కచేరీలో వాయిస్తారనీ అందులో చెప్పాడు. ఆ పండుగ జూన్ 18న వచ్చింది. మీ ప్రశ్నకు అసలు సమాధానం ఇక్కడే మొదలవుతుంది. ఆ తర్వాత జులై 3 వరకు ఇంటికి ఉత్తరం వెళ్లలేదు. అంటే కచేరీ ఎలా జరిగిందో సాల్జ్‌బర్గ్‌లో ఎవరికీ తెలియదు. కొడుకు భవిష్యత్తు కోసం అప్పుచేసి మరీ ఆ ప్రయాణానికి పంపిన తండ్రి ఆ వార్త కోసమే రోజులు లెక్కపెట్టుకుంటూ ఉన్నాడు. జులై 3 ఉత్తరం అందుకోగానే లియోపోల్డ్ మొదట వెతికేది ఆ కబురునే. అది లేకుండా తల్లి జబ్బు ఒక్కటే రాసి ఉంటే, ఆ మౌనమే జరిగినదంతా చెప్పేసి ఉండేది.

తేదీల్లో మరో నొప్పి దాగి ఉంది. సింఫనీ మోగిన జూన్ 18, అన్నా మరియా లేచి తిరిగిన చివరి రోజు. మరునాడు తలనొప్పితో మంచం పట్టింది. ఆ వెంటనే చలి, జ్వరం. కొన్నాళ్లకు వినికిడి పోయింది. ఫ్రెంచి వైద్యుడు వద్దని ఆమె పట్టుబట్టడంతో డెబ్బై ఏళ్ల జర్మన్ వైద్యుడొకరిని పిలిచారు, ఆయన ద్రాక్షసారాయిలో రేవల్చిన్ని పొడి కలిపి ఇచ్చాడు. జూన్ 30న ఆమె పాపసంకీర్తనం చేసి, దివ్యసత్ప్రసాదం, అవస్థాభ్యంగనం (మరణశయ్య మీద ఉన్నవారికి చేసే తైలాభిషేకం) స్వీకరించింది. చివరి మూడు రోజులూ సంధి ప్రేలాపనే. జులై 3 సాయంత్రం 5 గంటల 21 నిమిషాలకు స్పృహ తప్పింది. కొడుకు చెయ్యి పట్టుకొని మాట్లాడుతూనే ఉన్నాడు గాని ఆమె చూడలేదు, వినలేదు. సరిగ్గా ఐదు గంటల తర్వాత, రాత్రి 10 గంటల 21 నిమిషాలకు ప్రాణం పోయింది. గదిలో ఉన్నది కొడుకు, హైనా అనే సంగీతకారుడైన మిత్రుడు, ఒక పరిచారిక.

ఆ రాత్రి వోల్ఫ్‌గాంగ్ రెండు ఉత్తరాలు రాశాడు. వాటిని పక్కపక్కన పెట్టుకోకుండా తీర్పు చెప్పడం అన్యాయం. తెల్లవారుజామున 2 గంటలకు రాస్తున్నానంటూ సాల్జ్‌బర్గ్‌లోని కుటుంబ మిత్రుడు, మతగురువు అయిన బులింగర్‌కు రాసిన ఉత్తరంలో ఏ ముసుగూ లేదు. నాతో కలిసి దుఃఖించు మిత్రమా, నా జీవితంలో ఇంత విషాదకరమైన రోజు లేదు, అమ్మ ఇక లేదు, అని మొదలవుతుంది. పైన చెప్పిన నిమిషాల లెక్క అందులోదే. ఆ తర్వాత ఒకే ఒక్క సాయం అడుగుతాడు: నాన్నను మెల్లగా సిద్ధం చేయి, ఆమె పోయిందని వెంటనే చెప్పకు, ఎంత పెద్ద మాటైనా భరించగల స్థితికి తీసుకురా. ఒక మనిషి తన ఏడుపును ఒకరి దగ్గర పూర్తిగా ఏడ్చి, వేరొకరిని కాపాడే పనికి పూనుకున్నాడు. తండ్రికి రాసిన ఉత్తరంలో కనిపించే నిబ్బరం ఆ పనిలో భాగం.

ఇక ఆ రెండో ఉత్తరం. అమ్మకు చాలా జబ్బుగా ఉందని మొదలుపెట్టి రక్తం తీయడం, జ్వరం, వైద్యుడు, మందు అన్నీ వరుసగా చెబుతాడు. ఆమె చనిపోతుందని నేననడం లేదు, ఆశ అంతా పోయిందనీ అనడం లేదు, దేవుడు తలిస్తే కోలుకుంటుంది, కాని ఏం జరిగినా అది ఆయన చిత్తమే, అంటాడు. ఆశ పెట్టుకుందాం, మరీ ఎక్కువగా కాదు, అని హెచ్చరించి, ఇక ఆ విచారం వదిలి వేరే విషయానికి వద్దామంటాడు. ఆశ పూర్తిగా అడుగంటిపోయిన గదిలో కూర్చొని ఆశకు ఇంత జాగ్రత్తగా కొలత వేసిన వాక్యాలు నేను చదివిన లేఖల్లో చాలా తక్కువ.

ఆ వేరే విషయమే సింఫనీ. ముందు రోజు సాధనలో వాద్యబృందం తన కృతిని రెండుసార్లు ఎంత నాసిగా గీకిందో చెబుతాడు. కచేరీకి వెళ్లకూడదనుకొని, తీరా సాయంత్రం తేటగా ఉండడంతో వెళ్లాడట. మళ్లీ అలాగే వాయిస్తే వేదికెక్కి మొదటి వయొలిన్ వాద్యకారుడి చేతిలోంచి వయొలిన్ లాక్కొని తానే నడిపించాలని నిశ్చయించుకున్నాడట. మొదటి భాగం మధ్యలో తప్పక నచ్చుతుందని తెలిసి పెట్టిన చోట చప్పట్లు మోగాయి; ఆ ప్రభావం ముందే తెలుసు కాబట్టి చివర్లో మళ్లీ అదే తెచ్చాడు. పారిస్‌లో చివరి భాగాలన్నీ అన్ని వాద్యాలతో ఒక్కసారిగా మొదలవుతాయని విని, తాను రెండు వయొలిన్ల వరుసలతో మెత్తగా ఎనిమిది ఆవర్తాలు నడిపించి అప్పుడు మొత్తం బృందాన్ని విడిచాడు. మెత్తని చోట ష్ష్ అన్న శ్రోతలు, పెద్ద ధ్వని రాగానే చప్పట్లు కొట్టారు. ఆ సంతోషంతో పాలే రోయాల్‌కు (పారిస్‌లోని విహారస్థలం) వెళ్లి మంచి ఐస్‌క్రీం తిని, మొక్కుకున్న జపమాల చెప్పుకొని ఇంటికి వెళ్లాను, అంటాడు.

ఐస్‌క్రీం దగ్గర ఆగి నొచ్చుకునేవారు దాని పక్కనే ఉన్న జపమాలను గమనించరు. కృతి బాగా మోగితే జపమాల చెబుతానని మొక్కుకున్న కుర్రవాడు మొక్కు తీర్చుకున్నానని భక్తిపరుడైన తండ్రికి చెబుతున్నాడు. తండ్రి ఆ సాధనలోని తప్పులను ఊహించుకోగల సంగీతజ్ఞుడు, ఆ ఎనిమిది ఆవర్తాల ఉపాయానికి మెచ్చుకోగలవాడు, కొడుకు మొక్కు మరిచిపోలేదని విని తృప్తి పడేవాడు. ప్రతి వివరమూ ఆ ఒక్క పాఠకుడి కోసమే ఎంచుకున్నది. ఆ సాయంత్రం సంతోషం కల్పన కాదు. అది పదిహేను రోజుల కింద నిజంగా జరిగింది, అప్పుడు అమ్మ ఇంకా లేచి తిరుగుతూనే ఉంది. అదే ఉత్తరంలో ఫ్రెంచి రచయిత వోల్తేర్ మరణం గురించి కటువైన మాట కూడా ఉంది. ఆ నాస్తికుడు కుక్క చావు చచ్చాడని రాశాడు. అది నాకు నచ్చే వాక్యం కాదు. కానీ ఆ రాత్రి, సద్గతి పొందిన తల్లి పక్కన కూర్చున్న కొడుకు మనసు మరణం చుట్టూనే తిరుగుతోందనడానికి అది కూడా సాక్ష్యమే.

మన తెలుగువారికి ఇది నిజానికి పరాయి సంగతి కాదు. టెలిగ్రాములున్న రోజుల్లో దూరాన ఉన్న కొడుక్కి ‘మదర్ సీరియస్, స్టార్ట్ ఇమీడియట్లీ’ అని వచ్చిందంటే ఆ ఇంట్లో చాలామందికి విషయం అర్థమైపోయేది; అయినా ఆ మాటే పంపేవారు, ప్రయాణం చేసి వచ్చేంతవరకు మనిషి కాళ్ల మీద నిలబడాలని. మనకు ఎబ్బెట్టుగా తోచేది అబద్ధం కాదు, కలపడం. శుభలేఖ మూలలకు పసుపు రాసి, చావు కబురు తెచ్చిన ఉత్తరాన్ని చదివిన వెంటనే చింపి పారేసిన ఇళ్లలో పెరిగినవాళ్లం. ఒకే కాగితం మీద రెంటినీ చూస్తే అపచారంలా తోస్తుంది. మొజార్ట్ ఇంట్లో ఆ విభజన లేదు. టపా ఖర్చు ఎక్కువ, వారానికి ఒకటి రెండు సార్లే టపా బండి కదిలేది. అందుకే ఒకే కాగితంలో అంచుల దాకా రాసేవారు, తల్లి రాసిన దాని కింద కొడుకు, తండ్రి రాసిన దాని కింద కూతురు చేరేవారు. వచ్చిన ఉత్తరాన్ని మిత్రులకు చదివి వినిపించేవారు. అగ్రపీఠాధిపతి కొలువువారి కళ్లలో పడకూడని మాటలను అక్షరాలు మార్చి గుప్తలిపిలో రాసుకునేవారు. ఇంటి లెక్కలూ, సంగీత చర్చలూ, జబ్బులూ, పరాచికాలూ అన్నీ ఒకే పొట్లంలో ప్రయాణించవలసిందే.

ఇప్పుడు సాల్జ్‌బర్గ్ వైపు చూడండి. జులై 12, ఆదివారం. లియోపోల్డ్ ‘ప్రియమైన భార్యకు, కొడుక్కి’ అని ఉత్తరం మొదలుపెట్టాడు. జులై 26 పునీత అన్నమ్మ పండుగ, అంటే భార్య నామకరణ పునీతురాలి పండుగ; ఆ కుటుంబానికి అది పుట్టినరోజుకన్నా పెద్దది. టపా ఆలస్యాన్ని లెక్కవేసుకొని రెండు వారాల ముందే శుభాకాంక్షలు రాశాడు. ఆరోగ్యంగా, ఆనందంగా ఇలాంటి పండుగలు ఇంకా జరుపుకోవాలని కోరాడు. ఆమె వెళ్లిపోయి అప్పటికి తొమ్మిది రోజులైంది. కాగితం పూర్తికాకుండానే రాత్రయింది. మరునాడు ఉదయం 10 గంటలకు కాస్త ముందు కొడుకు ఉత్తరం అందింది. అదే కాగితం మీద, ఆ శుభాకాంక్షల కిందే, ఇది నిన్న రాశాను, ఇవాళ నీ ఉత్తరం వచ్చింది, ఏడుపుతో చదవడమే కష్టమైంది, అని కొనసాగించాడు. భార్య ఉన్నట్టా లేనట్టా తెలియక కాసేపు వేదన పడ్డాడు. తర్వాత బులింగర్ వచ్చాడు, మిగతావాళ్లంతా వెళ్లేదాకా ఆగాడు, ఇంకా ఆశ ఉందనుకుంటున్నారా అని అడిగాడు. ఆ ఉత్తరం రాసేనాటికే ఆమె పోయిందనుకుంటున్నానని లియోపోల్డ్ అన్నాడు. బులింగర్ అవునన్నాడు. ఆ మధ్యాహ్నం ఆ కాగితం చివర, భార్య పరలోకంలో ఉందని తెలిసిందనీ, కన్నీళ్లతోనే అయినా దేవుని చిత్తానికి తల వంచి రాస్తున్నాననీ లియోపోల్డ్ చేర్చాడు.

నా దృష్టిలో ఈ లేఖల మొత్తంలో అత్యంత వేదనాభరితమైన కాగితం ఇదే, జులై 3 నాటిది కాదు. పండుగ శుభాకాంక్షలను అతను కొట్టివేయలేదు, కొత్త కాగితం తీసుకోలేదు. నిన్నటి సంతోషం నిన్న నిజమే కాబట్టి అది అలాగే ఉండిపోయింది. కొడుకు ఉపాయం ఫలించిందా అంటే, పూర్తిగా కాదు. తండ్రి తెలివైనవాడు, వాక్యాల మధ్య దాచినదాన్ని చదివేశాడు. కానీ నిజం చెవిన పడేసరికి పక్కన మిత్రుడున్నాడు, కొన్ని గంటలు భయంతో గడిపాక ఆ నిజం వచ్చింది. కొడుకు కోరుకున్నదీ అంతే.

జులై 9న వోల్ఫ్‌గాంగ్ అసలు సంగతి రాశాడు. అమ్మ 3వ తేదీ రాత్రే పోయిందనీ, తన చిన్న, తప్పనిసరి మోసాన్ని నాన్న, అక్క మన్నించాలనీ కోరాడు. తల్లి జబ్బు ప్రమాదకరంగా మారాక దేవుణ్ణి రెండే అడిగానన్నాడు: ఆమెకు సుఖమైన చివరి ఘడియ, తనకు ధైర్యం. అదే ఉత్తరంలో తాను ఇప్పుడు రచయిత్రి మదామ్ ఎపినే, తమ కుటుంబ శ్రేయోభిలాషి గ్రిమ్ ఉండే ఇంట్లో చక్కని దృశ్యం కనిపించే గదిలో ఉంటున్నానని రాశాడు. కచేరీల నిర్వాహకుడు ల గ్రో సింఫనీని మెచ్చుకొని, నెమ్మదైన రెండో భాగం మాత్రం పొడవైందనడంతో దానికి బదులు వేరొకటి కట్టానని కూడా చెప్పాడు. ఒంటరిగా మిగిలిన కొడుకుకు తల దాచుకునే చోటు దొరికిందో లేదో, పని సాగుతోందో లేదో అని కుమిలిపోయే తండ్రికి ఇవి ఓదార్పు మాటల కన్నా మంచి ఓదార్పు. జులై 20న అక్క పండుగకు శుభాకాంక్షలు రాస్తూ ఒక చిన్న సంగీత రచన కానుకగా పంపాడు. నానెర్ల్ పేరు మరియా అన్నా. తల్లికీ కూతురికీ పండుగ ఒకటే, జులై 26. ఆ ఏడు ఆ పండుగను ఆమె ఎలా జరుపుకొని ఉంటుందో ఆలోచిస్తే, ఆ చిన్న రచన పంపకుండా ఉండడం కన్నా పంపడమే సరైనదనిపిస్తుంది.

ఇది ఒక్క కుటుంబం తీరేనా అన్నారు. కాదు. 1777 జులైలో అమెరికాలో అబిగైల్ ఆడమ్స్ బ్రెయిన్‌ట్రీలో ప్రసవించే రోజుల్లో ఉంది. భర్త జాన్ (తర్వాత అమెరికా రెండో అధ్యక్షుడు) ఫిలడెల్ఫియా కాంగ్రెసులో ఉన్నాడు. కడుపులో బిడ్డ కదలడం లేదన్న భయాన్ని 9వ తేదీన రాసింది. నొప్పులు మొదలయ్యాక కూడా కలం పట్టి, ఇక తప్పించుకోలేనిదాన్ని భరించడానికి కలం పక్కన పెడుతున్నానంది. 11న పుట్టిన ఆడబిడ్డలో ప్రాణం లేదు. ఆ రోజుల్లోనే జాన్, ఈ ఉత్తరం అందేసరికి తల్లిని పోలిన అందాల కూతురు నీ ఒడిలో ఉంటుందని ఆశిస్తున్నానంటూ రాశాడు. లియోపోల్డ్ పండుగ శుభాకాంక్షల లాగే, ఈ మాట కూడా చేరవలసిన ఇంటికి దుఃఖం తర్వాత చేరింది. అబిగైల్ 16న రాసిన ఉత్తరంలో బిడ్డ పూర్వులలో కలిసిందన్న మాట, తన ప్రాణం నిలిచినందుకు నాతో కలిసి దేవునికి కృతజ్ఞత చెప్పు అన్న మాట ఒకే వాక్యంలో ఉన్నాయి. ప్రొటెస్టెంటు ఇంట పెరిగిన స్త్రీ, క్యాథలిక్ ఇంట పెరిగిన యువకుడు. ఇద్దరి దగ్గరా దైవచిత్తానికి తలవంచడం దుఃఖాన్ని తగ్గించలేదు, దాన్ని మోసుకుంటూ మాట్లాడడానికి వాక్యాలిచ్చింది.

ఈ ఉత్తరాల్లో అంతా సౌమ్యమే అనుకోకండి. ఆ వేసవి, శరదృతువుల్లో లియోపోల్డ్ దుఃఖం నిందగా కూడా మారింది. తల్లి మాన్‌హైమ్ నుంచి ఇంటికి తిరిగివచ్చి ఉంటే పారిస్‌లో చనిపోయేది కాదన్న ఆలోచన అతన్ని వదలలేదు, కొడుకు వదలకుండా వింటూ ఉండవలసి వచ్చింది. మాన్‌హైమ్‌లో గాయని అలోయ్సియా వెబర్ మీద మనసు పడి కొడుకు తాత్సారం చేశాడన్న కోపం అందులో కలిసి ఉంది. వోల్ఫ్‌గాంగ్ జులై 31న జబ్బు క్రమాన్ని రోజువారీగా రాసి పంపడానికి కొంతవరకు ఇదే కారణమని నేను భావిస్తాను. చేయవలసినదంతా చేశానని చూపించుకోవలసిన అవసరం అతనికి వచ్చింది.

మీరు ఈ లేఖల్లో ఇంకా ముందుకు వెళితే 1783 జూన్ 18 నాటిది చదవండి. మొదటి కొడుకు రైముండ్ లియోపోల్డ్ ముందు రోజే పుట్టాడు. వోల్ఫ్‌గాంగ్ తండ్రికి, మీరు తాత అయ్యారు, అభినందనలు అని పొంగిపోతూ రాశాడు. ఆ వేసవిలో భార్యాభర్తలు బిడ్డను వియన్నాలో దాదికి అప్పగించి సాల్జ్‌బర్గ్‌లో తండ్రి ఇంటికి వెళ్లారు; వారు అక్కడుండగానే, ఆగస్టు 19న, బిడ్డ వియన్నాలో చనిపోయాడు. డిసెంబరులో తండ్రికి రాసిన ఉత్తరంలో, ఇతర పనుల కబుర్లతో పాటు, ఆ బొద్దు బుజ్జివాడిని తలుచుకొని ఇద్దరమూ బాధపడుతున్నామన్న ఒక్క మాట ఉంది. ఆ మాటను జూన్ ఉత్తరం పక్కన పెట్టి చదవండి. ఏ ఉత్తరాన్ని చదివినా అది రాసిన తేదీతో పాటు, అది చేరిన తేదీని కూడా మార్జిన్‌లో రాసుకోండి. మధ్యనున్న ఆ పది రోజుల్లో ఎవరికి ఏమి తెలుసో, ఏమి తెలియదో చూసుకుంటూ చదివితే, మిమ్మల్ని కలవరపెట్టిన చాలా వాక్యాలు వేరుగా వినిపిస్తాయి.